అక్క కాగితం అడుగున

జూన్ 2

బావమరిదికి బావ దీవెనలు.

విషయం: మీ అక్క కారు.

తూనికలు కొలతల ఆఫీసు పోయిన నెల నా చేతిలో ఒక గోడగడియారం పెట్టి బయటికి పంపించినా, పైన 'విషయం' అని రాయనిదే నా కలం కదలడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. నువ్వు నవ్వుకో, ఫరవాలేదు. ఫోనే చేద్దామనుకున్నాను గాని నీ చెవులు రెండూ బస్సు డిపోలోనే వదిలేసి రిటైరయ్యావు కదా. పోయినసారి నేను కారు గురించి అడిగితే నువ్వు పావుగంట నీ హెర్నియా ఆపరేషన్ గురించి చెప్పావు. కుట్లు ఎలా ఉన్నాయి?

సంగతేమిటంటే, మీ అక్క ఎడమ మోకాలు క్లచ్చు తొక్కలేదని ఆరేళ్ళ కింద కొన్న ఆటోమేటిక్ కారు ఇప్పుడు ఎర్రగా ఆయిలు కారుస్తోంది. కింద పాత పేపరు పరిచి చూశాను. తెల్లారేసరికి పద్నాలుగు చుక్కలు. వీధి చివర వర్క్‌షాపు మేస్త్రీ వచ్చి, పడుకుని, చూసి, లేచి, "గేర్‌బాక్సులో ముందు పంపు సీలు పోయింది సార్. సీలు గాజంత ఉంటుంది. కానీ దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు మొత్తం దించాలి. నాలుగు రోజులు బండి వదిలెయ్యండి" అన్నాడు.

నేను వదల్లేదు. నా బల్ల మీద తేలే ఫైలును ఇంకో బల్లకు పంపడం నా పద్ధతి కాదు. పదకొండు వీడియోలు చూశాను, నోట్సు రాసుకున్నాను. ఇంట్లోనే చేస్తాను.

వ్యవధి కూడా ఉంది. మీ అక్కను కొత్త కుట్టు శిక్షణ కేంద్రానికి ఇన్‌ఛార్జిగా వేశారు. నీకు రాసే ఉంటుంది. ఇరవై మూడేళ్ళు మిషన్ ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళకు కుట్టు నేర్పిన మనిషికి ఇప్పుడొక గది, ఒక బల్ల, తలుపు మీద బోర్డు. జులై ఒకటిన చేరాలి. ఇక్కడికి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. బస్సయితే రెండు మారాలి, మెట్లేమో ఎత్తు, ఆ మోకాలితో కుదరదు. కాబట్టి ఒకటో తేదీ నాటికి కారు సిద్ధంగా ఉండాలి. మీ అక్క కూడా నేను చేయడానికి సుముఖంగానే ఉంది.

నీ సలహాలు అంశాలవారీగా రాసి పంపు. మన అలవాటు మరిచిపోకు: ముందు కాగితాలు నాకు, చివరి కాగితం మీ అక్కకు. నా కాగితం తను చూడదు, తన కాగితం నేను ముట్టను. పెళ్ళయిన కొత్తలో నీ ఉత్తరాల కోసం మేమిద్దరం కొట్టుకుంటుంటే మా నాన్న చేసిన ఏర్పాటు. ఇప్పటిదాకా ఒక్క అతిక్రమణ కూడా లేదు.

మీ బావ

---

జూన్ 6

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ నా కుట్లు క్షేమం. అక్కడ మీ కారు క్షేమమని మాత్రం తలచలేకపోతున్నాను.

మీరడిగారు కాబట్టి మొదటి అంశం: వద్దు. రెండో అంశం: ఆ మేస్త్రీ ఎవరోగాని చక్కగా చెప్పాడు, నాలుగు రోజులు ఆయనకే వదిలెయ్యండి. మూడో అంశం: గేర్‌బాక్సు మీకంటే బరువుంటుంది. మీరు దాని కింద పడుకోవడం నాకు ఇష్టం లేదు, అది మీ మీద పడుకోవడం అక్కకు ఇష్టం ఉండదు.

నేనే వచ్చేవాణ్ణి. డాక్టరు ఆరు వారాలు ప్రయాణం వద్దన్నాడు. నీళ్ళ బిందె కూడా ఎత్తనివ్వడం లేదు మీ చెల్లెలు. చెంబు ఎత్తితేనే వెనక నిలబడి చూస్తోంది.

అయినా మీరు చేస్తారని నాకు తెలుసు. చేయగలరా అన్నదే సందేహం. కనుక చెబుతున్నాను. ముందు బ్యాటరీ తీసెయ్యండి. ఆయిలు మొత్తం దింపెయ్యండి. కారు కింద స్టాండ్లే పెట్టండి, ఇటుకలు పెట్టకండి. రాళ్ళూ పెట్టకండి. పాత ఆఫీసు రిజిస్టర్లు దొంతరగా పెడదామని మీకు అనిపిస్తుంది, అవీ వద్దు. గేర్‌బాక్సు దించేటప్పుడు ఇంకో మనిషి ఉండాలి.

లోపల సీలుతోపాటు దాని వెనక ఇత్తడి రంగులో ఒక బుష్, అంటే ఉంగరంలాంటి ముక్క, ఉంటుంది. గోటికి గీతలు తగిలితే అదీ మార్చాలి. బుష్ పోయినచోట కొత్త సీలు పెడితే పదిరోజుల్లో మళ్ళీ పద్నాలుగు చుక్కలు.

అక్క సుముఖంగా ఉందన్నారు. సంతోషం. అక్క ఏదైనా చేయొద్దు అనడానికి ముందు మూడు రోజులు ఏమీ అనదని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అది కాస్త గమనించుకోండి.

మీ బావమరిది

---

జూన్ 13

బావమరిదికి దీవెనలు.

విషయం: గేర్‌బాక్సు అవతరణ. పురోగతి నివేదిక.

దిగింది. నువ్వు భయపెట్టినంతేమీ లేదు. పక్కింటి పళ్ళ డాక్టరు సాయం పట్టాడు. ఆయన ఓపిక నీకు రాలేదు. పన్ను పీకేముందు ఎలా ఊరడిస్తాడో అలాగే నన్నూ బోల్టునూ ఒకేసారి ఊరడిస్తూ కూర్చున్నాడు. పళ్ళు చూసే చిన్న అద్దం తెచ్చి సీలు వెనక బుష్ కూడా చూపించాడు. గీతలున్నాయి. నువ్వు చెప్పింది నిజమే, నమోదు చేసుకున్నాను.

తీసిన ప్రతి బోల్టునూ ఒక్కో కవర్లో పెట్టి, మీద క్రమసంఖ్య, తీసిన తేదీ, సమయం, స్థానం రాశాను. మొత్తం నలభై ఏడు కవర్లు. ఒక రిజిస్టరు కూడా తెరిచాను. ఇవతలి కాలమ్‌లో తీసినవి, అవతలి కాలమ్‌లో పెట్టినవి. ఇప్పటికి అవతలి కాలమ్ ఖాళీ. మీ డిపోలో ఇలాంటి క్రమశిక్షణ ఉంటే మీ బస్సులు అలా దారిలో ఆగేవి కావని నా అభిప్రాయం.

గేర్‌బాక్సు ముందుగదిలో పాత పరుపు మీద ఉంది. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే, గుమ్మడికాయలాంటి టార్క్ కన్వర్టరు మీ అక్క కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాను, ఇంట్లో గట్టి బల్ల అదొక్కటే. మిషన్‌ను వరండాలోకి జరిపాను. మీ అక్క చూసింది. ఏమీ అనలేదు.

కొత్త సీలు, బుష్ తెప్పించాను. అయితే తొందరపడి చేసే పని కాదని నా అనుభవం. ప్రతి దశనూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటే జులై చివరకు పూర్తవుతుంది. అందుకని, చేరే తేదీ ఆగస్టు ఒకటికి మార్చమని కేంద్రానికి అర్జీ కూడా వెళ్ళింది. 'వాహన సౌకర్యం తాత్కాలికంగా లేనందున' అన్న వాక్యం బాగా కుదిరింది. ఒక నెలలో కొంపలేమీ మునగవు. ఈ వయసులో ఇద్దరం ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటే మాత్రం తప్పేముంది?

సీలు ఎటువైపు తిప్పి పెట్టాలో వీడియోల్లో తొమ్మిది మంది ఒకలా, ఇద్దరు ఇంకోలా చెబుతున్నారు. నీ నిర్ణయం లిఖితపూర్వకంగా తెలియజేయి.

మీ బావ

---

జూన్ 17

బావగారికి నమస్కారాలు.

నలభై ఏడు కవర్ల గురించి చదివి నవ్వితే కుట్లు లాగాయి. మీ చెల్లెలు ఉత్తరం లాక్కుంది. సగంలో ఆపి, తనూ నవ్వి, తిరిగి ఇచ్చింది.

సీలు పెదవి, అంటే స్ప్రింగు కనిపించే వైపు, లోపలికి, ఆయిలు వైపు చూడాలి. ఆ ఇద్దరివీ చూడకండి. సీలు మీద కొంచెం ఆయిలు రాయండి. సుత్తితో నేరుగా కొట్టకండి. చదునైన చెక్కముక్క ఆనించి చుట్టూ సమానంగా, మెల్లగా, అంచుతో సమంగా దిగేదాకా తట్టండి. ఒక పక్క దిగి ఒక పక్క లేస్తే ఆ సీలు పనికిరాదు, తీసి పారెయ్యండి. బుష్ దించడానికి మాత్రం పంపు విప్పి, ఆ వీధి చివర మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళండి. చేతిలో పట్టుకెళ్ళొచ్చు, నామోషీ ఏమీ లేదు.

మీ కాగితం అడుగుకి వచ్చేశాను, నా అక్షరాలు బస్సంత ఉంటాయి కదా. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. దాన్ని అక్క కాగితం అడుగున రాశాను. తప్పకుండా చూడండి.

మీ బావమరిది

అక్కకు,

అక్కా, నీ చేరిక ఆగస్టుకు వాయిదా అడిగావట, బావగారు రాశారు. మంచిపని చేశావు. ఇరవై మూడేళ్ళు ఆగినదానివి, ఒక నెల ఎంత. నువ్వు ఇన్‌ఛార్జి కుర్చీలో ఎలా కూర్చుంటావో చూడాలని నాకు మహా సరదాగా ఉంది. చిన్నప్పుడు నా చొక్కా గుండీ కుట్టేటప్పుడు కూడా అలాగే కూర్చునేదానివి, వీపు నిటారుగా, ఎవర్నీ కదలనివ్వకుండా. మీ మరదలు అడిగానని చెప్పమంది. నాకు ఇప్పుడు అన్నం కలుపుకోవడానికి మాత్రమే అనుమతి ఉంది.

ఈ కింది ముక్క బావగారికి చూపించు: కన్వర్టరును గేర్‌బాక్సులోకి తోసేటప్పుడు అది ఒక్కసారిగా కూర్చోదు. తిప్పుతూ తోస్తుంటే 'టక్' మని ఒకసారి, ఇంకొంచెం లోపలికి రెండోసారి, చివరగా పంపు పళ్ళలో మూడోసారి కూర్చుంటుంది. మూడు లెక్కపెట్టాలి. రెండుకే ఆగి బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. బిగించకముందు కన్వర్టరు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, ఇంజను వైపు ప్లేటుకూ దానికీ మధ్య సన్నటి సందు ఉండాలి. సందు లేకపోతే బిగించొద్దు. మూడు, అక్కా, మూడు.

నీ తమ్ముడు

---

జూన్ 25

బావమరిదికి,

దీవెనలు ఈసారి వాయిదా.

విషయం: నువ్వు నా సంసారంలో పెట్టిన నిప్పు, తదుపరి పంపు నష్టం.

నీ ఉత్తరం వచ్చిన రోజు పద్ధతి ప్రకారం నా కాగితం నేను, తన కాగితం తను తీసుకున్నాం. మీ అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చదివింది. సగం చదివి నా వైపు చూసింది.

"వాయిదా ఎవరు అడిగారు?" అంది.

"అర్జీ వెళ్ళింది" అన్నాను.

"నడిచి వెళ్ళిందా?"

"నీ తరపున నేనే..."

"సంతకం?"

నేను తలుపు పక్క గోడ చూశాను. గడియారం నాలుగూ పది చూపిస్తోంది. "నీ తరపున" అని మళ్ళీ అన్నాను. తను కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. మూడు రోజులు ఏమీ అనలేదు. నువ్వు రాసింది గుర్తొచ్చింది గాని అప్పటికే రెండో రోజు.

నాలుగో రోజు రెండు సంచులు, పెద్ద కత్తెర, టేబుల్ లైటు తీసుకుని పళ్ళ డాక్టరు కార్లో వెళ్ళిపోయింది. అవును, ఆయనే తీసుకెళ్ళాడు. నా గేర్‌బాక్సు దించిన చేతులతోనే మీ అక్క సంచులు ఎత్తిపెట్టాడు. కేంద్రం వెనక వీధిలో ఒక గది తీసుకుందట. ఒకటో తేదీ వరకు కూడా ఆగలేదు, ఇరవై రెండునే చేరిపోయింది. ఆగస్టు దాకా గడువు అడిగిన మనిషి జూన్‌లోనే వచ్చి బల్ల ముందు కూర్చుంటే ఆ డైరెక్టరు ఏమనుకున్నాడో. నా అర్జీ ఎంత బాగుందో ఇప్పుడెవరూ చదవరు.

నువ్వు రాసిన ముఖ్య విషయం కూడా ఆ సంచిలోనే వెళ్ళిపోయింది. ఉన్నా నేను చూసేవాణ్ణి కాదు. ముఖ్యమైనదైతే సరైన మార్గంలో, నా కాగితంలోనే వస్తుంది కదా అని నిర్ణయించుకుని పని కొనసాగించాను.

సీలు నువ్వు చెప్పినట్టే పెట్టాను. బుష్ మేస్త్రీ పెట్టిచ్చాడు. కన్వర్టరు తోశాను, 'టక్' మంది, కూర్చుంది. ఇంకొంచెం తోస్తే ఇంకోసారి 'టక్' మంది. అదనపు ధ్రువీకరణ అనుకున్నాను. గేర్‌బాక్సు ఎక్కిస్తే ఇంజనుకు అర అంగుళం దూరంలో ఆగింది. బోల్టులు ఉన్నది దగ్గరికి లాగడానికే కదా అని చుట్టూ సమానంగా బిగించాను. అప్పుడు మూడోసారి 'టక్' మంది. డాక్టరు "ఈ చప్పుడు నాకు తెలుసండీ" అన్నాడు, పన్ను విరిగినప్పుడు వచ్చేదట. స్టార్టు చేస్తే లోపల గులకరాళ్ళు వేసి గిలకొట్టినట్టు మోత. గేరు వేస్తే బండి అంగుళం కదల్లేదు.

మళ్ళీ దించాను. పంపు లోపలి పళ్ళచక్రం రెండు ముక్కలు. నలభై ఎనిమిదో కవరు, నలభై తొమ్మిదో కవరు.

దీనికంతటికీ బాధ్యులెవరో తేల్చాలి. నా దృష్టిలో నువ్వు.

మీ బావ

---

జూన్ 29

బావగారూ,

నమస్కారం పెట్టాను, అందుకోండి. ఆ తర్వాత నన్ను కాసేపు మాట్లాడనివ్వండి.

తప్పు నాదే, మొదటి ముక్క. ముప్పై నాలుగేళ్ళు బస్సులు విప్పినవాణ్ణి, అంత ముఖ్యమైన మాట కాగితం అడుగున రాయకూడదు. అది మూడుసార్లు కూర్చోవాలి. మీరు రెండింటికే ఆగారు. ఆ ముక్కే అక్క సంచిలో ఉంది. పదకొండు మంది ముక్కూ మొహం తెలియనివాళ్ళ వీడియోలు చూశారు గాని, సొంత బావమరిది కాగితం ఒక్కసారి అడిగి చదవలేకపోయారు. అక్కను అడగాల్సిందల్లా ఒక్క మాట. అడగలేదు. ఎందుకంటే అడిగితే ముందు ఆ అర్జీ గురించి మాట్లాడాలి.

అక్క సంతకం మీరు పెట్టారా? మీరు? కొలబద్దలో మిల్లీమీటరు తేడా ఉంటే దుకాణం మూయించిన మనిషి! చిన్నప్పుడు నేను మార్కుల కాగితం మీద నాన్న సంతకం పెడితే అక్క నన్ను నాన్న దగ్గరికి చెవి పట్టుకుని తీసుకెళ్ళింది. మీరు పెద్దవారు, చెవి పట్టుకునేవాళ్ళు లేరు, అంతే తేడా.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా ఫరవాలేదు. మా డిపోలో అయితే ఈ పని రెండు రోజులు. మీకు కొత్త కాబట్టి పది రోజులనుకుందాం. జులై చివరి దాకా ఎలా సాగుతుంది? నలభై ఏడు కవర్లు, రిజిస్టరు, రెండుసార్లు సరిచూడటం... ఫలానా బండి రోడ్డెక్కకూడదని లోపల ఎవరో అనుకుంటే తప్ప ఏ పనీ అంత నెమ్మదిగా జరగదని నాకు డిపోలో అర్థమైంది. మీకు ఆ కారు బాగవ్వాలని ఉందా, లేదా?

ఒక్క ముక్కలో రాయండి. పైన విషయం అని రాయకండి.

మీ బావమరిది

---

జులై 4

బావమరిదికి,

ఒక్క ముక్కలో: లేదు.

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. రెండు రోజులు అలాగే ఉంచుకున్నాను, జవాబు రాయడానికి కూర్చుంటే అది కూడా నిలబడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను పొద్దున తొమ్మిదింటికి బయటికి పోయి సాయంత్రం ఆరింటికి వచ్చాను. ఆ మధ్యలో ఇంట్లో మీ అక్క ఏం చేసేదో, పగలంతా ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు కూడా. రిటైరయ్యాక ఒక నెల ఇద్దరం కలిసి ఉన్నాం. తను వరండాలో మిషన్ తొక్కుతుంటే నేను పేపరు చదివేవాణ్ణి. ఇదే ఇక జీవితం, బాగుంది, అనుకున్నాను. అప్పుడు ఆ ఉత్తర్వు వచ్చింది. మీ అక్క దాన్ని మూడుసార్లు చదివి బీరువాలో చీరల కింద పెట్టుకుంది. ఇంత సంతోషంగా తనను నేనెప్పుడూ చూడలేదు. దానికి నాకు సంతోషం కలగాలి కదా. భయమేసింది.

కారు చుక్కలు కార్చడం మొదలుపెట్టింది ఆ వారమే. నేను కావాలని కార్పించలేదు, అది నమ్ము. కాని కార్చినందుకు దాని మీద నాకేమీ కోపం రాలేదు. మేస్త్రీ నాలుగు రోజులన్నప్పుడు చాలా తక్కువ అనిపించింది. నేనే చేస్తానన్నాను.

తనని రోజుకు ఎనిమిది గంటలు బయటికి పోనివ్వకూడదనుకుని, వారానికి ఆరు రోజులు పోగొట్టుకున్నాను. ఆదివారం వస్తుందేమోనని గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాను. రాలేదు. ఆఫీసువాళ్ళిచ్చిన ఈ గడియారం మోత ఇంత అని నాకు తెలియదు. బ్యాటరీ తీసేశాను. ఇప్పుడు నాలుగూ పది దగ్గర ఆగి ఉంది, అదీ మంచి టైము కాదు.

మీ అక్క రోజూ ఇలాగే కూర్చునేదా?

పంపు దొరుకుతుందా? చెప్పు. ఈసారి కారు బాగవ్వాలని ఉంది.

నీ బావ

---

జులై 10

బావగారికి నమస్కారాలు, ఈసారి మనస్ఫూర్తిగా.

మూడుసార్లు కూర్చోవాలి. మూడు లేకపోతే బోల్టు ముట్టుకోవద్దు.

అందుకే పైన రాశాను. మిగతాది తీరిగ్గా చదవండి.

మా డిపోలో నా దగ్గర పని నేర్చుకున్నవాడొకడు సొంత వర్క్‌షాపు పెట్టాడు. మీ మోడల్ కారు ఒకటి చెట్టుకు గుద్దుకుని వాడి దగ్గర పడి ఉంది. ఇంజను నుజ్జయింది గాని పంపు శుభ్రంగా ఉంది. దాన్ని విప్పి, కొత్త సీలు, కొత్త బుష్ వేసి పార్సిలు చేయించాను. పాత పంపు ముక్కల ఇనుప పొడి ఆయిల్లో కలిసి ఉంటుంది. అందుకని ఆయిలు మొత్తం పారబోసి, ఫిల్టరు మార్చి, చేయి పట్టినచోటల్లా తుడవండి. ఆ పొడి ఉండిపోతే ఇదీ పోతుంది. ఇది కూడా మనసుపెట్టి చేయండి, కవర్లో పెట్టేది కాదు.

మీరు రాసింది నేను ఎవరికీ చెప్పలేదు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే మీ చెల్లెలు ఏంటి ఏంటి అంది, పంపు విరిగిందట అన్నాను. పంపుకింత ఏడుపా అంది.

అక్క అలాగే కూర్చునేదా అని అడిగారు. కూర్చునేది బావగారూ. మీరు ఆఫీసు పని మీద పది రోజులు ఊళ్ళు తిరిగేటప్పుడు నాకు రాసే ఉత్తరాల్లో ఉండేది. మీరు ముట్టని కాగితాల్లో.

అక్కకు ఈసారి విడిగా రాశాను. ఏం రాశానో మీకు చెప్పను, అది అక్క కాగితం.

మీ బావమరిది

---

జులై 25

బావమరిదికి ఆశీస్సులు.

విషయం రాయడం లేదు, గమనించావనుకుంటాను.

ఈ ఉత్తరం బస్సులో మొదలుపెట్టాను, అందుకే అక్షరాలు నీవాటిలా ఉన్నాయి.

పార్సిలు పద్నాలుగున చేరింది. నువ్వు చెప్పినట్టే కడిగాను, తుడిచాను, ఫిల్టరు మార్చాను. డాక్టరు పళ్ళు కడిగే సన్నటి గొట్టంతో సందులన్నీ ఊదిపెట్టాడు. ఆయనతో మళ్ళీ మాట్లాడుతున్నాను. గత ఆదివారం కన్వర్టరు పని మొదలైంది. ఒకటోసారి కూర్చుంది. రెండోసారి కూర్చుంది. మూడోదానికి నలభై నిమిషాలు పట్టింది. ఎట్టకేలకు మూడోసారి కూడా కూర్చోబెట్టడమైనది. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది. సందు కూడా ఉంది, కొలిచాను. ఆ తర్వాతే బోల్టులు. స్టార్టు చేస్తే ఏ మోతా లేదు. రెండు రోజులు కింద పేపరు పరిచి చూశాను. చుక్క లేదు. రిజిస్టరులో అవతలి కాలమ్ నిండింది. ఒక్క బోల్టు మాత్రం మిగిలింది, దాని కవరు మీద 'స్థానం: తరువాత గుర్తించాలి' అని నా చేతి రాతే ఉంది. దాని సంగతి నువ్వు చెప్పు.

ఇవాళ కారు తీసుకుని మీ అక్క కేంద్రానికి వెళ్ళాను. తలుపు మీద బోర్డు చూశాను. లోపల పదహారు మిషన్లు, మధ్యలో మీ అక్క, వీపు నిటారుగా. ఎవరిదో బ్లౌజు చంక కుట్టు విప్పించి మళ్ళీ వేయిస్తోంది. నన్ను చూసి ఎదురు కుర్చీ చూపించింది, అర్జీలు పట్టుకొచ్చేవాళ్ళు కూర్చునేది. ముప్పై ఒక్క ఏళ్ళు నేను అవతలి వైపు కూర్చున్నాను. ఇవతలి కుర్చీ ఇంత పల్లంగా ఉంటుందని తెలియదు.

తాళాలు బల్ల మీద పెట్టాను. "నీ సంతకం నేను పెట్టాను, తప్పు చేశాను. నువ్వు పోతే ఇంట్లో ఉండలేనని భయపడ్డాను, ఆ మాట నీతో అనడానికి మొహం చెల్లలేదు" అన్నాను. పదహారు మిషన్లూ ఆగిపోయాయి. బయట చెప్పాల్సింది అని తర్వాత తట్టింది.

మీ అక్క తాళాలు తీసుకుంది. "ఐదూ నలభైకి బస్సుంది. రెండోది మార్కెట్ దగ్గర మారాలి" అంది.

అందుకని బస్సులో ఉన్నాను. రెండున్నర గంటల ప్రయాణమట, నిలబడే. ఎక్కేటప్పుడు మెట్టు నా మోకాలికే అందలేదు. ఈ మెట్లు ఎక్కలేదులే, ఇంట్లోనే ఉంటుందిలే అని అనుకున్నవాణ్ణి నేనే.

ఇక్కణ్ణుంచి మర్నాడు ఇంట్లో రాస్తున్నాను. ఇవాళ సాయంత్రం ఆరూ పదికి గేటు చప్పుడయింది. కారు. వెనక సీట్లో రెండు సంచులు, టేబుల్ లైటు.

ఉత్తరం పూర్తిచేస్తుంటే మీ అక్క వచ్చి, ఏం రాస్తున్నారని అడిగింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఇచ్చేశాను. కింద తను రాస్తుంది.

నీ బావ

తమ్ముడూ,

పైనున్నదంతా నిన్న రాత్రే చదివాను, రాయడం ఇవాళ సాయంత్రానికి కుదిరింది. 'మూడోసారి కూడా కూర్చోబెట్టడమైనది' అని రాశారు చూడు, ఆ కూర్చోబెట్టింది నేను. ఆదివారం గొడుగు కోసం వచ్చాను. వచ్చేసరికి ఆయనా డాక్టరూ నా మిషన్ బల్ల పక్కన చెమటలు కక్కుతూ దాన్ని తోస్తున్నారు. నీ కాగితం నా సంచిలోనే ఉంది కదా, తీసి మళ్ళీ చదివాను. తోసేది కాదురా అది. మిషన్ అడుగున దారపు బాబిన్ కేసు కూర్చోబెట్టినట్టే, బరువు చేతిలో ఉంచుకుని కొంచెం తిప్పి, కొంచెం వెనక్కి తీసి, వదలాలి. 'టక్' మంది. "లెక్కపెట్టండి" అన్నాను. "మూడు" అన్నారు ఆయన. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాను.

మిగతాదంతా నిజమే. సంతకం సంగతి అయిపోలేదు, నేను మరిచిపోయేదాన్ని కాదు. ఇక నుంచి నీ ఉత్తరం ఒకే కాగితం మీద రాయి. ముందు నేను చదివి ఆయనకిస్తాను.

ఆయన పొద్దున నేను బయల్దేరే ముందు వంగి కారు కింద పేపరు చూస్తానంటున్నారు, రోజూ. రాత్రి పరిచిన పేపరు ఇవాళ పొద్దున నా ముందే తీసి చూశారు. ఒక్క చుక్కయినా ఉంటే బాగుండునని మొహంలో తెలిసిపోతూనే ఉంది. లేచి, నడుం పట్టుకుని, "ఏమీ లేదు, వెళ్ళిరా" అన్నారు. నిజమే చెప్పారు.

అక్క